కుక్కల బీమా: బిల్లు చేతికొచ్చాక ఎంతవరకు ఆదుకుంటుంది?

కుక్కకు బీమా చేయించడం ఇప్పుడు ఫోన్‌లో అయిపోయే పని. నాలుగు ఫొటోలు, టీకాల కార్డు ఎక్కించి డబ్బు కడితే పాలసీ మెయిల్‌కు వచ్చేస్తుంది. ఆ సులువు చూసి చాలామంది ఇది మనుషుల హెల్త్ పాలసీ లాంటిదే అనుకుంటున్నారు. కార్డు చూపిస్తే ఆస్పత్రివాళ్ళు చేర్చుకుంటారు, బిల్లు కంపెనీ చూసుకుంటుంది అని. కుక్కల విషయంలో దాదాపు ఎక్కడా అలా జరగదు. అడ్వాన్సు మీరు కట్టాలి, రోజువారీ బిల్లు మీరు కట్టాలి, కుక్క ఇంటికొచ్చాక కాగితాలన్నీ పంపితే కంపెనీ తన లెక్క ప్రకారం కొంత వెనక్కి ఇస్తుంది. అంటే జబ్బు చేసిన రోజున చేతిలో ఉండాల్సిన డబ్బుకు బీమా బదులు కాదు.

ఇది తెలిసి కొన్నవాళ్ళకు పాలసీ ఉపయోగపడుతుంది. తెలియక కొన్నవాళ్ళు కుక్క ఆస్పత్రిలో ఉన్నప్పుడే, అంటే అస్సలు దిగులు పడకూడని సమయంలో, కాగితాల కోసం పరుగులు పెడతారు. అందుకే ఈ సమీక్ష ప్రీమియంల పోలిక కాదు. తీవ్రమైన జబ్బు వచ్చినప్పుడు ఈ పాలసీలు ఏ బిల్లుకు డబ్బిస్తాయి, ఏ బిల్లును పక్కన పెడతాయి, ఆ మిగిలింది ఎక్కణ్ణుంచి తేవాలి అన్నదే ఇందులో చూశాం.

పేరు ఒకటే, సరుకు రెండు రకాలు

న్యూ ఇండియా, ఓరియంటల్ లాంటి ప్రభుత్వ రంగ సంస్థలు కుక్కల పాలసీలను ఎప్పటినుంచో ఇస్తున్నాయి. అవి ప్రధానంగా కుక్క చనిపోతే డబ్బిచ్చే పాలసీలు. పాడి గేదెకు చేయించే బీమా తెలిసినవాళ్ళకు ఈ మూస వెంటనే అర్థమవుతుంది: జంతువుకు ఒక విలువ కడతారు, ఆ విలువలో కొంత శాతం ప్రీమియం, ప్రాణం పోతే డాక్టరు సర్టిఫికెట్, పోస్ట్‌మార్టం రిపోర్టు, గుర్తింపు. గేదెకు చెవి ట్యాగు లేనిదే క్లెయిమ్ లేనట్టే, ఇక్కడ ఫొటోలూ మైక్రోచిప్పూ సరిపోలాలి. గేదె పోతే ఇంటి ఆదాయం పోతుంది కాబట్టి ఆ మూస గేదెకు సరిపోయింది. కుక్కను బతికించుకోవాలని ఆస్పత్రికి తెచ్చినవాళ్ళకు అది దేనికి? ఇంట్లో పెరిగే కుక్క వైద్యం కోసమే అయితే ఈ రకం కొనొద్దు.

రెండో రకం వైద్యం ఖర్చు ఇచ్చేవి. బజాజ్ అలయన్జ్ 2020 ఆగస్టులో తెచ్చిన పాలసీతో ఇవి ఎక్కువమందికి తెలిశాయి, తర్వాత ఫ్యూచర్ జనరాలీ, డిజిట్ వంటివి వచ్చాయి. వీటిలో ఒక్కో కవర్ ఒక్కో ముక్కగా ఉంటుంది: ఆపరేషన్, ఆస్పత్రిలో చేర్చడం ఒకటి, ఓపీ వైద్యం ఒకటి, ప్రాణాంతక జబ్బులది ఒకటి, మరణం ఒకటి, కుక్క ఎవరినైనా కరిస్తే వాళ్ళకు మనం కట్టాల్సిన పరిహారానికి ఒకటి, తప్పిపోతే ఒకటి. ప్రీమియం తగ్గించుకోవడానికి మనవాళ్ళు మొదట తీసేసేది ఓపీ కవర్. ఆస్పత్రి ఖర్చే కదా పెద్దది, ఓపీకేముంది అనుకుంటారు. మన ఊళ్ళలో వైద్యం జరిగే తీరు చూస్తే ఇదే అన్నిటికంటే పెద్ద పొరపాటు.

ఎందుకంటే మన పట్టణాల్లో ఎక్కువ క్లినిక్కులకు రాత్రి జంతువులను ఉంచుకునే ఏర్పాటు లేదు. పొద్దున తీసుకెళ్తారు, క్యాన్యులా (నరంలో ఉంచే సన్న గొట్టం) పెట్టి సెలైన్ ఎక్కిస్తారు, ఇంజెక్షన్లు చేస్తారు, మధ్యాహ్నానికి ఇంటికి పంపిస్తారు. క్యాన్యులాకు బ్యాండేజీ చుట్టుకుని కుక్క ఆటోలో వెనక్కి వస్తుంది. రేపు మళ్ళీ అంతే. ఇలా ఆరేడు రోజులు సాగే వైద్యం మన దృష్టిలో ఆస్పత్రి వైద్యమే. పాలసీ దృష్టిలో కాదు. ఆస్పత్రిలో చేరడం అంటే ఇన్ని గంటలు లోపల ఉండాలి అని నిర్వచనంలో రాసి ఉంటే, రోజూ వచ్చిపోయేదంతా ఓపీ కిందికి పోతుంది. ఓపీ కవర్ తీసుకోకపోతే ఆ బిల్లులకు రూపాయి రాదు.

ఒక బిల్లును విడదీసి చూద్దాం

28 కిలోల లాబ్రడార్‌కు పిడుదుల వల్ల వచ్చే జ్వరం ముదిరిందనుకుందాం. పిడుదులనే గోమార్లు అంటారు కొన్నిచోట్ల. ఎర్లీకియా అనే క్రిమి చేసే ఈ జబ్బు మన వేడి ప్రాంతాల్లో ఎంత మామూలో కుక్కలున్న ప్రతి ఇంటికీ తెలుసు. లెక్క కోసం అంకెలు ఇలా పెట్టుకుందాం: రక్తపరీక్షలు, స్లైడు, కిడ్నీ-లివర్ పరీక్షలు, స్కాన్ కలిపి 7,500. ఆరు రోజులు వచ్చిపోతూ ఎక్కించుకున్న సెలైన్, ఇంజెక్షన్లు 12,000. రక్తం బాగా తగ్గి రెండు రాత్రులు పెద్ద ఆస్పత్రిలో ఉంచి రక్తం ఎక్కించినందుకు 18,000. ఇంటికి మందులు 1,500. తర్వాత చూపించుకున్నవి 1,000. మొత్తం 40,000.

పాలసీలో ఆస్పత్రి కవర్ 50,000, అందులో 10 శాతం మనం భరించాలి, ఓపీ కవర్ లేదు. అప్పుడు వచ్చేది 18,000లో 10 శాతం తీసేసి 16,200. యాభై వేల కవర్ ఉంది కదా, నలభై వేల బిల్లు మొత్తం వస్తుందనుకున్న మనిషికి మిగిలిన 23,800 సొంత ఖర్చు. అదే 10,000 పరిమితితో ఓపీ కవర్ ఉంటే 26,200 వస్తుంది. ఆ ఒక్క గడి టిక్కు పెట్టడం, పెట్టకపోవడం మధ్య తేడా 10,000. అందుకే కొనేటప్పుడు పెద్ద అంకె చూసి మురిసిపోకుండా, ఓపీకి ఎంత పరిమితి ఉంది, ఒక్కో జబ్బుకు విడిగా పరిమితి ఉందా, మనం భరించాల్సిన శాతం ఎంత, ఈ మూడు అంకెలు కాగితం మీద రాసుకుని ఇలాంటి ఊహా బిల్లు మీద వేసి చూడండి. ఏజెంటు మాటల కంటే ఈ పది నిమిషాల లెక్క నమ్మదగ్గది.

ఇదే జబ్బులో బిల్లు ఎక్కడ పెరుగుతుందో కూడా చూడాలి. దీనికి ముఖ్యమైన మందు డాక్సీసైక్లిన్. కిలోకు రోజుకు 10 మిల్లీగ్రాముల చొప్పున 28 రోజులు. ఈ లాబ్రడార్‌కు రోజుకు 100 మిల్లీగ్రాముల మాత్రలు మూడు, మొత్తం 84. ఖర్చు వందల్లోనే ఉంటుంది. ఉట్టి కడుపున వేస్తే వాంతి చేసుకుంటుంది, మాత్ర గొంతులో ఆగితే అన్నవాహికను కాలుస్తుంది. అందుకే అన్నంతో పెట్టి, తర్వాత నీళ్ళు తాగించాలి. నాలుగు రోజులకు జ్వరం తగ్గి కుక్క తోక ఊపగానే చాలామంది మాత్రలు ఆపేస్తారు. జబ్బు లోపలే ఉండిపోతుంది, నెలల తర్వాత ఎముక మజ్జను దెబ్బతీసి తిరిగొస్తుంది. అప్పటి బిల్లు వందల్లో ఉండదు. పైగా కంపెనీ దాన్ని పాత జబ్బు అంటుంది.

ప్లేట్‌లెట్ల అంకె చూసి భయపడి పెట్టే ఖర్చు ఇంకోటి. కుక్కలకు మామూలుగా 2 లక్షల నుంచి 5 లక్షల దాకా ఉండాలి. రిపోర్టులో 20 వేలు అని వస్తే ఇంట్లో అందరికీ కాళ్ళూ చేతులూ ఆడవు. కానీ శాంపిల్‌లో ప్లేట్‌లెట్లు గుంపులు కడితే మెషిన్ వాటిని సరిగా లెక్కపెట్టలేదు. స్లైడు మీద కంటితో చూసి చెప్పమని అడగండి. రక్తం ఎక్కించాలా వద్దా అన్నది ముఖ్యంగా ఎర్ర రక్తకణాలు ఎంత పడిపోయాయి, కుక్క ఎంత నీరసంగా ఉంది, ఎక్కడైనా రక్తం కారుతోందా అన్నవాటిని బట్టి డాక్టరు తేలుస్తారు. ఎక్కించాల్సే వస్తే దాత కుక్కను మీరే తెచ్చుకోగలరేమో అడగండి: 25 కిలోలు దాటిన, టీకాలన్నీ వేయించిన, ఆరోగ్యంగా ఉన్న వయసు కుక్క ఒకసారికి 450 మిల్లీలీటర్ల దాకా ఇవ్వగలదు. దాత దొరకడం కోసం ఆస్పత్రి తిరిగే గంటలూ, ఖర్చూ రెండూ తగ్గుతాయి.

క్లెయిమ్ ఎక్కడ తిరగబడుతుంది

అన్నిటికంటే ఎక్కువగా ఇరుక్కునేది కేస్ షీటు మొదటి వాక్యంలో. డాక్టరు ఎప్పటినుంచి బాగాలేదని అడుగుతారు. "రెండు నెలల నుంచి కొంచెం డల్‌గానే ఉందండీ" అని మనం అలవాటుగా అనేస్తాం. అది అలాగే రాస్తారు. పాలసీ తీసుకుని రెండు నెలలు కాకపోతే ఆ ఒక్క వాక్యంతో జబ్బు పాలసీ కంటే ముందుదైపోతుంది. అబద్ధం చెప్పమని కాదు, అది నేరం, కుక్క వైద్యానికీ చేటు. గుర్తుతెచ్చుకుని కచ్చితంగా చెప్పమనే: అన్నం మానేసింది ఏ రోజు, వాంతి మొదలైంది ఏ రోజు, అంతకుముందు చివరిసారి ఎప్పుడు చూపించారు, దేనికి. ఎండాకాలంలో కుక్క కాస్త తక్కువ తిన్న సంగతి వేరు, జబ్బు లక్షణం వేరు.

తర్వాతిది టీకా. రేబీస్, డిస్టెంపర్, పార్వో, లెప్టో లాంటి టీకాతో ఆపగలిగే జబ్బులకు, ఆ టీకా సమయానికి వేయించి ఉంటేనే డబ్బిస్తామని పాలసీల్లో రాసి ఉంటుంది. పార్వో, అంటే వాంతులూ విరేచనాలతో వచ్చే జబ్బు, సోకిన కుక్కపిల్లకు ఐదు నుంచి ఏడు రోజులు గట్టి వైద్యం కావాలి. చిన్న వయసులో తరచుగా వచ్చే పెద్ద బిల్లు ఇదే. ఒక్క డోసు వేయించి "టీకా అయింది" అనుకుంటే సరిపోదు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పిల్లకు 16 వారాలు నిండేదాకా వేయించాలి. కార్డు మీద వ్యాక్సిన్ సీసా స్టిక్కరు, తేదీ, డాక్టరు సంతకం, వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న ముద్ర ఉండాలి. పిల్లను అమ్మినవాళ్ళు చేత్తో రాసిచ్చిన కార్డుకు క్లెయిమ్ దగ్గర విలువ లేదు. ఏటేటా వేయించాల్సిన బూస్టరు నెల ఆలస్యమైనా ఆ నెలలోనే జబ్బొస్తే వాదన మొదలవుతుంది.

వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ మొదలయ్యాక క్లెయిమ్ ఇవ్వని తొలి రోజులు, కవర్‌ను బట్టి మారుతుంది. ప్రాణాంతక జబ్బులకు 90 రోజులదాకా ఉండొచ్చు. కాబట్టి జబ్బు బయటపడ్డాక పాలసీ కోసం వెతకడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే. వయసు కూడా అంతే: అన్ని పాలసీల్లోనూ కొత్తగా చేరడానికి ఒక గరిష్ఠ వయసు ఉంటుంది, గ్రేట్ డేన్, సెయింట్ బెర్నార్డ్ లాంటి భారీ జాతులకు అది ఇంకా తక్కువ. ఎనిమిదేళ్ళు దాటిన కుక్కకు ఇప్పుడు కొత్తగా పాలసీ దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు.

ఆడకుక్క ఉన్నవాళ్ళు ఒక వాక్యం ప్రత్యేకంగా వెతకాలి. ఎదకు వచ్చి వెళ్ళిన నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో గర్భసంచిలో చీము పట్టే జబ్బు వస్తుంది, పయోమెట్రా. నీళ్ళు విపరీతంగా తాగుతుంది, అన్నం మానేస్తుంది; చీము బయటికి కారితే తెలుస్తుంది, కారకుండా లోపలే నిండితే మరీ ప్రమాదం. గర్భసంచి తీసేయడమే సరైన వైద్యం, అదీ ఆలస్యం లేకుండా. ఇది ప్రాణం నిలిపే ఆపరేషన్ కాబట్టి కవర్ అవుతుందనుకోవడం సహజం. కానీ సంతానోత్పత్తికి, గర్భానికి, పిల్లలు పెట్టడానికి సంబంధించినవాటికి మినహాయింపు అని పాలసీలో రాసి ఉంటే, పయోమెట్రా అందులోకి వస్తుందో రాదో కొనే ముందే కంపెనీని మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ఫోన్‌లో చెప్పినదానికి సాక్ష్యం ఉండదు. పిల్లలు తీయించే ఉద్దేశం లేకపోతే ముందే ఆపరేషన్ చేయించడం మేలు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేయించే ఆపరేషన్‌కు ఏ కంపెనీ ఇవ్వకపోవచ్చు, అయినా చీము పట్టాక అయ్యే ఖర్చుతో పోలిస్తే అది చిన్నది, కుక్కకు ఆ బాధా తప్పుతుంది.

కాగితాల సంగతి. జబ్బు చేసిన రోజే కంపెనీకి మెయిల్ పెట్టండి; ఎన్ని గంటల్లోపు చెప్పాలో పాలసీలో ఉంటుంది, అది దాటితే కారణం అడుగుతారు. తెల్లచీటీ మీద రాసిచ్చిన లెక్క బిల్లు కాదు. నంబరు, తేదీ, కుక్క పేరు, యజమాని పేరు, ఏ పనికి ఎంతో విడివిడిగా ఉన్న బిల్లు కావాలి. కార్డులో బ్రూనో, బిల్లులో బ్రౌనీ, ల్యాబ్ రిపోర్టులో యజమాని పేరుతో 'డాగ్' అని ఉంటే మూడూ ఒకే జంతువువని నిరూపించడం మీ పని అవుతుంది. ఇక్కడే మైక్రోచిప్పు అక్కరకొస్తుంది. 15 అంకెల ఆ నంబరును ప్రతి ప్రిస్క్రిప్షన్ మీదా రాయించుకుంటే ఇక గుర్తింపు మీద ప్రశ్న రాదు. డిశ్చార్జి సమ్మరీలో జబ్బు పేరు రాయమని అడగండి. "జ్వరం, నీరసం" అని లక్షణాలు మాత్రమే రాసి ఇస్తే కంపెనీ మళ్ళీ అడుగుతుంది, అప్పటికి ఆ డాక్టరు సెలవులో ఉంటారు.

బిల్లు మీద ఇంకో సంగతి చాలామంది చూడరు: జంతువులకు వెటర్నరీ క్లినిక్ చేసే వైద్యసేవకు జీఎస్టీ లేదు. కన్సల్టేషన్ మీదా ఆపరేషన్ మీదా పన్ను వేసి ఉంటే మర్యాదగా అడగండి. విడిగా షాపులో కొన్న మందులు, మేత, షాంపూల మీద పన్ను ఉంటుంది, అది వేరు.

పాలసీ చేతులెత్తేసే జబ్బు

ముసలి కుక్కకు కిడ్నీలు దెబ్బతినడం. ఇది ఒకసారి కట్టి మరిచిపోయే బిల్లు కాదు, నెలనెలా సాగేది. కొత్త పాలసీ రాదు, పాతది ఉన్నా వయసు పరిమితితో ఆగిపోవచ్చు, వైద్యమంతా ఓపీ. ఇక్కడ డబ్బు కాపాడేది, కుక్కను సుఖంగా ఉంచేది డాక్టరు దగ్గర నేర్చుకున్న ఇంటి సెలైనే.

రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకెతో దశలు చెప్తారు: కుక్కల్లో 1.4 నుంచి 2.8 దాకా రెండో దశ, 2.9 నుంచి 5 దాకా మూడోది, 5 దాటితే నాలుగోది. ఈ అంకెను కుక్క ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు చూసి దశ తేల్చకూడదు. ముందు సెలైన్ ఎక్కించి, కుదుటపడ్డాక మళ్ళీ చూడాలి. మొదటి రిపోర్టులో 7 ఉన్న కుక్క నాలుగు రోజులకు 3కు దిగడం ఉంటుంది. ఆ నాలుగు రోజులు ఆగకుండా ఆశ వదిలేసుకోకండి.

నిలకడ పడ్డాక చాలామందికి డాక్టర్లు చర్మం కింద సెలైన్ ఎక్కించడం నేర్పిస్తారు. రింగర్ లాక్టేట్ 500 మిల్లీలీటర్ల బాటిల్, ఐవీ సెట్, 18 సైజు సూది, మెడికల్ షాపులో దొరికేవే. బాటిల్‌ను గోరువెచ్చని నీళ్ళ బకెట్లో పెట్టి, మోచేతికి తాకిస్తే వెచ్చగా అనిపించేదాకా ఉంచాలి. తలుపు మేకుకు తగిలించాలి. కుక్కను చాప మీద పడుకోబెట్టి, రెండు భుజాల మధ్య చర్మాన్ని మూడువేళ్ళతో గుడారంలా పైకి లాగి, ఆ గుడారం మొదట్లో సూది లోపలికి పోనివ్వాలి. ఐవీ సెట్‌కు ఉండే చక్రం తిప్పగానే చుక్కలు పడతాయి, చర్మం కింద నిమ్మకాయంత, తర్వాత బత్తాయంత ఉబ్బు వస్తుంది. సాయంత్రానికి ఆ ఉబ్బు ముందుకాలి వైపు జారి ఇంకిపోతుంది, భయపడక్కర్లేదు. ప్రతిసారీ కొత్త సూది. డెక్స్‌ట్రోస్ బాటిల్ ఇలా ఎక్కించకూడదు. ఎంత పరిమాణం, వారానికి ఎన్నిసార్లు అన్నది బరువును, గుండెను చూసి డాక్టరు రాయాలి; గుండెజబ్బు ఉన్న కుక్కకు ఇదే సెలైన్ ఊపిరితిత్తుల్లో నీరు చేరుస్తుంది. ఇంటి వైద్యం అంటే ఇదే, అంతేగానీ మనం వేసుకునే నొప్పి మాత్ర పెట్టడం కాదు. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ మాత్రలు కుక్క కడుపునూ కిడ్నీలనూ పాడుచేస్తాయి, పారాసిటమాల్ పిల్లిని చంపేస్తుంది. పది రూపాయల మాత్రతో మొదలై డయాలసిస్ దాకా వెళ్ళిన బిల్లుకు పాలసీ కూడా అడ్డు చెప్పొచ్చు.

మిగతా డబ్బు ఎక్కణ్ణుంచి

ముందుగా ప్రభుత్వ ఆస్పత్రులు. వీటిని పేదవాళ్ళ కోసం అన్నట్టు చూడడం తప్పు. హైదరాబాద్ నారాయణగూడలో, విజయవాడ లబ్బీపేటలో సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాలలున్నాయి. వాటికంటే నేను ముందు చెప్పేది వెటర్నరీ కాలేజీ ఆస్పత్రులు: రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం. పాఠం చెప్పే ప్రొఫెసర్లు చూస్తారు, పీజీ విద్యార్థులు మనం అడిగినదానికంటే వివరంగా పరీక్షిస్తారు, ఫీజు నామమాత్రం. నెల్లూరు, చిత్తూరు వైపువాళ్ళకు చెన్నై వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి కూడా అందుబాటులోనే. 1903 నాటి కాలేజీ అది, కుక్కలకు డయాలసిస్ చేసే ఏర్పాటున్న చోటు.

లోపాలూ చెప్పాలి. ఓపీ పొద్దుటిపూటే గట్టిగా నడుస్తుంది, ఎనిమిది లోపు వెళ్ళి చీటీ తీసుకోకపోతే మధ్యాహ్నమైపోతుంది. కొన్ని మందులు బయట కొనుక్కురమ్మంటారు. రాత్రి చేర్చుకుని చూసుకునే ఏర్పాటు అన్నిచోట్లా ఉండదు. వరుసలో పార్వో పిల్లలూ ఉంటాయి, టీకా పూర్తికాని పిల్లను కింద దింపకండి. పనికొచ్చే పద్ధతి రెండూ కలపడం: జబ్బు తేల్చుకోవడం, ఆపరేషన్ కాలేజీలో, రోజువారీ ఇంజెక్షన్లు ఇంటిదగ్గరి క్లినిక్కులో. అక్కడి రిపోర్టులన్నీ ఫొటో తీసి ఇక్కడ చూపిస్తే అవే పరీక్షలు మళ్ళీ చేయించే ఖర్చు తప్పుతుంది. 1962కు ఫోన్ చేస్తే వచ్చే సంచార వైద్య వాహనం ప్రధానంగా పాడి పశువుల కోసం. పల్లెల్లో ఉన్నవాళ్ళు కుక్కకు చూస్తారేమో అడగడంలో తప్పులేదు.

ప్రైవేటులో చేర్చేముందు రాతలో అంచనా అడగండి: రోజుకు ఎంత, ఎన్ని రోజులు, ఏది దాటితే మళ్ళీ మాట్లాడాలి. "నా దగ్గర ఇంత ఉంది, దీంట్లో ముందు ఏది చేయాలి డాక్టర్‌గారూ" అని నేరుగా చెప్పడానికి సిగ్గుపడొద్దు. మంచి డాక్టరు ఆ మాట వినగానే పరీక్షల వరుస మారుస్తారు, వైద్యాన్ని మార్చే పరీక్షలను ముందు పెడతారు. అది విన్నాక మీమీద చిన్నచూపు చూపించే చోట కుక్కను చేర్చకపోవడమే మంచిది.

అప్పే చేయాల్సి వస్తే రకం చూసుకోండి. 60,000ను 15 శాతం వడ్డీతో ఏడాది ఈఎంఐకి తీసుకుంటే నెలకు సుమారు 5,415, మొత్తం వడ్డీ ఐదువేలు. అదే క్రెడిట్ కార్డు మీద గీకి, కనీస మొత్తం మాత్రం కడుతూ పోతే, నెలకు 3.5 శాతం చొప్పున మొదటి నెలే 2,100 వడ్డీ, దాని మీద 378 జీఎస్టీ. కార్డు గీకినా ఆ వారంలోనే కస్టమర్ కేర్‌కు చెప్పి ఈఎంఐగా మార్పించుకోండి. మిలాప్, కెట్టో లాంటి ఆన్‌లైన్ విరాళాల సైట్లలో జంతువుల కోసం కూడా విరాళాలు అడగొచ్చు. డబ్బు చేతికి రావడానికి ఆస్పత్రి అంచనా పత్రం, ఫొటోలు, ఖాతా వివరాల పరిశీలన అన్నీ అవ్వాలి, కాబట్టి ఈరోజు రాత్రి ఆపరేషన్‌కు దాన్ని నమ్ముకోవద్దు. బిల్లులు ఎప్పటికప్పుడు పెట్టే పేజీకే జనం మళ్ళీ ఇస్తారు.

ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న కుక్క ఉన్నవాళ్ళకు: నెలకు వెయ్యి చొప్పున పోస్టాఫీసు ఆర్‌డీలో ఐదేళ్ళు వేస్తే, 6.7 శాతం వడ్డీతో సుమారు 71 వేలు. 12 వాయిదాల తర్వాత అందులో సగం దాకా అప్పు తీసుకోవచ్చు. కానీ ఆదివారం రాత్రి పోస్టాఫీసు తెరవరు. అందుకని మొదటి పదివేలు వెంటనే తీసుకోగలిగే బ్యాంకు ఖాతాలో ఉంచి, ఆ తర్వాతే ఆర్‌డీ మొదలుపెట్టండి. ఆ పదివేలే అడ్వాన్సు కట్టి, మొదటి రాత్రి గడిపిస్తుంది.

ఎవరు కొనాలి

నాలుగేళ్ళలోపు వయసు, టీకాలన్నీ కార్డులో ఉన్నవి, రాత్రి చేర్చుకునే ఆస్పత్రులున్న నగరం, ఓపీ కవర్‌తో సహా తీసుకోగల ప్రీమియం, ముందు కట్టడానికి చేతిలో కొంత. ఇవన్నీ ఉంటే వైద్యం ఖర్చు ఇచ్చే పాలసీ కొనండి. యాక్సిడెంట్లు, రాయో బంతో మింగడం, పెద్ద జాతుల్లో కడుపు మెలిపడటం లాంటివాటికి, అంటే ఒక్క రాత్రిలో ఆపరేషన్ అవసరమయ్యేవాటికి, ఇది నిజంగా ఆదుకుంటుంది. చిన్న పట్టణంలో, రాత్రి ఆస్పత్రి లేనిచోట, ఓపీ కవర్ లేకుండా కొనడం మాత్రం డబ్బు వృథా. ఆ ప్రీమియం కుక్క పేరు మీద పక్కన పెట్టుకోండి. పిల్లులకు ఇచ్చే కంపెనీలు తక్కువ, ఎంపిక లేదు.

కొన్నాక క్లెయిమ్ తిరస్కరిస్తే అక్కడితో ఆగిపోకండి. ముందు కంపెనీలోని ఫిర్యాదుల అధికారికి రాతలో పెట్టండి, ఏ షరతు ప్రకారం కాదన్నారో నంబరుతో సహా అడగండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్ళొచ్చు. ఏడాదిలోపు వెళ్ళాలి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం వాళ్ళకు హైదరాబాద్ కార్యాలయం. బీమా నియంత్రణ సంస్థవారి బీమా భరోసా పోర్టల్‌లోనూ, 155255 నంబరుకు ఫోన్ చేసీ ఫిర్యాదు నమోదు చేయొచ్చు. ఫిర్యాదుతో పాటు డాక్టరు దగ్గర ఒక్క పేజీ ఉత్తరం తీసుకుని జతచేయండి: జబ్బు ఎప్పుడు మొదలై ఉండొచ్చు, ఎందుకలా అనుకుంటున్నారు, మొదటి రక్తపరీక్ష తేదీ ఏది. పాత జబ్బు అన్న ఒక్క మాట మీద ఆగిపోయిన క్లెయిమ్‌కు ఆ ఉత్తరం కంటే బలమైన కాగితం ఇంకోటి లేదు.